‘ఏమనుకోకు’ అంటే సారీ చెప్పినట్టు కాదు

ఈ వారం టాపిక్ ఏంటంటే, ఆఫీసులో మనతో పనిచేసే మనిషిని మనకు తెలియకుండానే నొప్పించాం. కావాలని చేసింది కాదు. ఇప్పుడేం చెయ్యాలి? దీని మీద మాట్లాడటానికి నాకున్న క్వాలిఫికేషన్ ఒక్కటే. ఆ పని నేను చేశాను, దాన్ని సరిచెయ్యబోయి మూడుసార్లు ఇంకా చెడగొట్టాను. అందుకే ముందు కథ చెప్తా.

వీడియోల్లోకి రాకముందు బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. నాది మదనపల్లె. మా టీమ్‌లో మా వైపు వాళ్లు ఇంకో ఇద్దరు ఉండేవాళ్లు. ఒకతనిది కుప్పం, ఒకమ్మాయిది పుంగనూరు. మూడూ పాత చిత్తూరు జిల్లా ఊర్లే కాబట్టి మిగతావాళ్లు మమ్మల్ని చిత్తూరు గ్యాంగ్ అనేవాళ్లు. ఊరి మీద జోకులు మాకు మామూలే. 2023 జూలైలో టమాటా రేటు గుర్తుందా? మదనపల్లె మార్కెట్‌లోనే కిలో 200 రూపాయల దగ్గరికి పోయింది. ఆ నెలంతా ఆఫీసులో నన్ను ‘సేట్’ అని పిలిచారు. సాంబారులో టమాటా ముక్క కనబడితే చాలు, ‘సేట్, నీ ఆస్తి ఇక్కడ పడిపోయింది చూడు’ అనేవాళ్లు. నేనూ పడీ పడీ నవ్వేవాణ్ణి. మా ఇంట్లో ఒక్క టమాటా మొక్క కూడా లేదు, అది వేరే విషయం.

సరే, 2024 సంక్రాంతికి వద్దాం. ఆ పండక్కి ప్రధాని మోదీ ఢిల్లీలో తన ఇంటి దగ్గర పొట్టి ఆవులకు మేత పెడుతున్న వీడియోలు వచ్చాయి కదా, అవి పుంగనూరు ఆవులు. రెండు రోజుల్లో దేశం మొత్తానికి పుంగనూరు పేరు తెలిసిపోయింది. మేం పండగ చేసుకుని ఆఫీసుకు వచ్చాం. ఆ అమ్మాయి ఇంటి నుంచి మురుకులు, అత్తిరాసాలు తెచ్చింది. ప్యాంట్రీలో ఒక ఎనిమిది మంది చుట్టూ చేరి తింటున్నాం. ఒకతను అడిగాడు, ‘నీది పుంగనూరే కదా, టీవీలో చూపించిన ఆవులు నిజంగా అంతే ఉంటాయా?’ అని. తను సీరియస్‌గానే మొదలుపెట్టింది. ‘మా తాతోళ్ల ఇంట్లో ఒకటి ఉండేది, దాని పాలు...’

అంతే. నేను మధ్యలో దూరాను. ‘ఆవులే కాదు బ్రో, మా పుంగనూరులో మనుషులు కూడా అదే బ్రీడ్’ అని తన వైపు చెయ్యి చూపించాను. తను పొట్టిగా ఉంటుంది. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. నవ్వి డబ్బా మూత పెట్టేసింది.

ఆ మూత నేను చూశాను. చూశాను గానీ దాని అర్థం పట్టలేదు. నవ్వింది కదా అనుకున్నాను. ఎనిమిది మంది మధ్యలో, అందులో సగం మంది తన కంటే సీనియర్లు, తన కోడ్‌ని రివ్యూ చేసేవాణ్ణి నేను. అలాంటి చోట ఒక మనిషి నవ్వకుండా ఇంకేం చెయ్యగలదు? మర్నాడు ఎవరో టీమ్ వాట్సాప్ గ్రూపులో ఆవు స్టిక్కర్ మీద తన పేరు రాసి పెట్టారు. వారంలో ‘పుంగనూర్’ అనేది తనకు నిక్‌నేమ్ అయిపోయింది. జోక్ నాది, దానికి కాళ్లు వచ్చి ఆఫీసంతా తిరిగింది.

నాకు తేడా ఎక్కడ తెలిసిందంటే, పిలుపులో. మా వైపు మాట మీకు తెలుసు కదా, అన్నా అంటూనే నువ్వు అంటాం. ‘అన్నా, ఈ పీఆర్ రొంత చూడన్నా, నువ్వు చూస్తే ఈ రోజే మెర్జ్ చేసేస్తా’ అనేది తను. పండగ తర్వాత మెసేజ్‌లు మారాయి. ‘ప్లీజ్ రివ్యూ’ అని ఇంగ్లీషులో రెండు ముక్కలు. ఎదురుపడితే ‘మీరు చూశారా?’ మర్యాద పెరిగిందంటే మనిషి దూరం జరిగిందని మా ఊళ్లో చిన్నపిల్లోడికి కూడా తెలుసు.

ఇక నా సారీల చరిత్ర చెప్తా.

మొదటిది చాట్‌లో. ‘సారీ మా, ఏమనుకోకు, జస్ట్ జోక్ చేశా’ అని రాసి పళ్లికిలించే ఎమోజీ ఒకటి పెట్టాను. ‘ఇట్స్ ఓకే’ అని వచ్చింది. పని అయిపోయింది అనుకున్నాను. రెండోది రెండు రోజుల తర్వాత. పెద్ద మెసేజ్. నన్ను కూడా సేట్ అని ఏడిపించారు కదా, నేనెప్పుడైనా ఫీలయ్యానా, నేనూ పెద్ద ఎత్తేమీ కాదు, నా మనసులో ఏమీ లేదు, నువ్వు నాకు చెల్లెలి లాంటిదానివి, ఇట్లా. ఇప్పుడు చదువుకుంటే ఆ మెసేజ్‌లో ‘నేను’, ‘నా’ ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టలేను. బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. మూడోది అన్నిటికంటే ఘోరం. పెద్ద డెయిరీ మిల్క్ ఒకటి కొని, తన సీటు దగ్గరికి పోయి, పక్కన నలుగురు వింటుండగా ‘ఇంకా కోపం పోలేదా తల్లీ?’ అన్నాను. అప్పటిదాకా తప్పు నాది. ఆ ఒక్క వాక్యంతో సమస్య తన కోపం అయిపోయింది. నలుగురూ తననే చూస్తున్నారు. తీసుకోకపోతే మొండిది అంటారు. తీసుకుంది. ఆ చాక్లెట్ సాయంత్రం దాకా అలాగే డెస్క్ మీద ఉంది.

ఆ శనివారం నేను, మా కుప్పం దోస్తు రూమ్ దగ్గర టీ తాగుతున్నాం. నేను నా బాధ వెళ్లగక్కాను. ‘మూడుసార్లు సారీ చెప్పినా ఇంకా మొహం మాడ్చుకునే ఉండాది, ఇంకేం చెయ్యమంటావు’ అని. వాడు గ్లాసు కింద పెట్టి అన్న మాట ఇదీ: ‘నువ్వు సారీ యాడ చెప్పినావు? ఏమనుకోవద్దని ఆర్డర్ ఏసినావు.’

నాకు వెంటనే కోపమొచ్చింది. వాడు ఆగలేదు. ‘నన్ను మీరంతా అరవోడు అంటారు కదా. ఒక్కసారన్నా అడిగినావా, నేనేమనుకుంటానో?’

ఇక్కడ కుప్పం గురించి తెలియనివాళ్లకు ఒక ముక్క. కుప్పం ఆంధ్రలోనే ఉన్నా ఒకపక్క తమిళనాడు, ఒకపక్క కర్ణాటక. ఇంట్లో తమిళం, బడిలో తెలుగు, పనికి బెంగళూరు పోతే కన్నడం, ఇవన్నీ ఒకే మనిషికి ఉంటాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ పెట్టడం వెనుక కూడా ఈ కలగలుపే ఉంది. మా వాడి ఇంట్లో తమిళం. వాడు తెలుగు మాట్లాడితే మేం ‘అరవ యాస’ అని నవ్వేవాళ్లం. రెండేళ్లు నవ్వాం. వాడూ మాతో పాటు నవ్వాడు. అదే నవ్వు, ప్యాంట్రీలో ఆ అమ్మాయి నవ్విన నవ్వు.

అప్పుడు నాకు ఒక విషయం అర్థమైంది. మూడు ఊర్లు, మూడు జోకులు. నాకు ఒకే రకంగా కనిపించాయి. కానీ టమాటా జోక్ తగిలింది మార్కెట్ రేటుకు. నెల తర్వాత రేటు పడిపోయింది, జోక్ కూడా పోయింది. ఆవు జోక్ తగిలింది ఒకమ్మాయి ఒంటికి. అరవం జోక్ తగిలింది వాడు వాళ్లమ్మతో మాట్లాడే భాషకు. ఇవి నెల తర్వాత పోయేవి కావు. ‘నన్నంటే నేను నవ్వాను, కాబట్టి తనూ నవ్వాలి’ అనే లెక్క అక్కడే తప్పింది.

ఇప్పుడు వాడన్న ‘ఆర్డర్’ మాట గురించి. మన తెలుగులో సారీ చెప్పే మాటలు ఒకసారి బయటపెట్టి చూడండి. ‘ఏమనుకోకు’ అంటే ఎదుటి మనిషికి ఒక పని అప్పజెబుతున్నాం, నీ మనసులో ఏమీ పెట్టుకోకు అని. తప్పు చేసింది నేను, పని తనకు. ‘నోరు జారింది’ అంటే జారింది నోరు, నేను పక్కన నిలబడి చూస్తున్నాను. ‘మాట దొర్లింది’ అంటే మాట దానంతట అదే గులకరాయిలా దొర్లుకుంటూ వచ్చింది. ‘పొరపాటైంది’, ‘తప్పైపోయింది’, అన్నీ వాటంతట అవే అయిపోయినవి. చేసినవాడు వాక్యంలో ఎక్కడా కనబడడు. మన భాషలో ఇది అందం కూడా, ఒప్పుకుంటా. బస్సులో కాలు తొక్కితే ‘ఏమనుకోకండి’ సరిపోతుంది, అక్కడ ‘నేను మీ కాలు తొక్కాను’ అని స్టేట్‌మెంట్ ఇస్తే వింతగా చూస్తారు. కానీ నిజంగా నొప్పి తగిలిన చోట ఈ మాటలు చాలవు. అక్కడ వాక్యంలోకి ‘నేను’ రావాలి. ‘నేను ఫలానా మాట అన్నాను. తప్పు చేశాను.’

దీని మీద రీసెర్చ్ కూడా ఉంది. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాయ్ లెవికీ, ఆయన సహచరులు 2016లో ఒక పేపర్ వేశారు. 755 మందితో రెండు ప్రయోగాలు. సారీలో ఆరు భాగాలు ఉండొచ్చన్నారు: బాధ వ్యక్తం చెయ్యడం, ఏం జరిగిందో వివరించడం, బాధ్యత ఒప్పుకోవడం, మళ్లీ చెయ్యనని చెప్పడం, సరిచేస్తాననడం, క్షమించమని అడగడం. అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది బాధ్యత ఒప్పుకోవడం. దాని తర్వాత సరిచేస్తాననడం. అన్నిటికంటే తక్కువ అవసరమైంది ఏదో తెలుసా? క్షమించమని అడగడం. మన ‘ఏమనుకోకు’ నా దృష్టిలో సరిగ్గా ఆ చివరిదే. నేను మూడుసార్లూ అదే వాడాను.

ఇక వివరణ సంగతి. ‘నా ఉద్దేశం అది కాదు’ అనాలని మనకు గొంతు దాకా వస్తుంది. నిజమే కావచ్చు. కానీ ముందు అదే చెబితే, ఎదుటి మనిషికి వినిపించేది ‘నీకు అర్థం కాలేదు’ అని. అందుకే వివరణ తర్వాత, అదీ అడిగితే. దీనికి ఒక మినహాయింపు ఉంది, నాకే జరిగింది. కొత్తగా చేరినప్పుడు విజయవాడ వైపు మేనేజర్ ఒకాయనను అలవాటు కొద్దీ ‘అన్నా, నువ్వు చెప్పు’ అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. అక్కడ వివరణే సగం మందు. ‘సార్, మిమ్మల్ని నువ్వు అన్నాను, సారీ. మా వైపు తాతను కూడా నువ్వనే అంటాం, ఇక్కడ మీరు అనాలి, అంటాను’ అన్నాను. తేడా గమనించండి. తప్పు పేరు ముందు వచ్చింది, కారణం వెనకాల వచ్చింది, ఇకపై ఏం చేస్తానో కూడా అందులోనే ఉంది. పది సెకన్లలో అయిపోయింది. ఆ బుద్ధి పుంగనూరు అమ్మాయి దగ్గర ఎందుకు రాలేదంటే, ఆయన మేనేజరు, తను జూనియరు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

సరే, నాలుగోసారి ఏం చేశాను? సోమవారం మెసేజ్ పెట్టాను. ‘సంక్రాంతి తర్వాత ప్యాంట్రీలో నేనన్న మాట గురించి రెండు నిమిషాలు మాట్లాడాలి. నీకు ఇష్టమైతేనే. వద్దంటే వద్దు, పనికి దానికీ సంబంధం లేదు.’ మధ్యాహ్నం దాకా జవాబు లేదు. గుర్తు చెయ్యలేదు. నిజంగా చెయ్యి దురదపెట్టింది, అయినా చెయ్యలేదు. మూడింటికి ‘ఓకే’ వచ్చింది. బయట టెర్రస్ దగ్గర నిలబడి చెప్పాను. ‘ఆ రోజు అందరి ముందు నేను నీ ఎత్తు మీద జోక్ వేశాను. నిన్ను ఆవుతో పోల్చాను. ఆ పేరు గ్రూపులోకి వచ్చింది కూడా నా వల్లే. ఆ తర్వాత చాక్లెట్ తెచ్చి నలుగురిలో నిన్ను ఇరికించాను. తప్పు చేశాను, సారీ. నువ్వు ఇప్పుడు ఓకే అని అనాల్సిన పనేం లేదు.’

సినిమాలో అయితే ఇక్కడ తను ఏడ్చి, చిన్నప్పటి ఫ్లాష్‌బ్యాక్ చెబుతుంది. అలాంటిదేమీ జరగలేదు. ఎందుకు అంత బాధ కలిగిందో తను చెప్పలేదు, నేను అడగలేదు. మనలో చాలామంది ఇక్కడే పొరబడతారు. ‘ఎందుకు ఫీలయ్యావో చెప్పు, అప్పుడు అర్థం చేసుకుంటా’ అంటారు. కారణం చూపిస్తేనే నొప్పి ఉందని ఒప్పుకుంటామా? తగిలింది, అంతే చాలు.

ఒక్క ప్రశ్న మాత్రం అడిగాను. ‘గ్రూపులో నేను సారీ చెప్పాలా?’ ఎందుకంటే, తప్పు ఎక్కడ చేస్తే సారీ అక్కడే చెప్పాలని నా నమ్మకం. లైనక్స్ తయారుచేసిన లైనస్ టోర్వాల్డ్స్ ఏళ్ల తరబడి డెవలపర్ల మీద పబ్లిక్ మెయిళ్లలో విరుచుకుపడేవాడు. 2018 సెప్టెంబర్‌లో అదే మెయిలింగ్ లిస్టులో, అందరూ చదివేచోటే సారీ చెప్పి, కొన్నాళ్లు పని పక్కన పెట్టాడు. ఆయన తిట్లు తెలియక జరిగినవి కావు, ఆ పోలిక ఇక్కడ కుదరదు. కానీ తిట్టిన గోడ మీదే సారీ రాశాడు, అది నాకు నచ్చింది. కాబట్టి గ్రూపులో పెద్ద పోస్టు పెట్టడానికి నేను రెడీ.

తను ‘వద్దు’ అంది. ‘మీరు గ్రూపులో పెడితే మర్చిపోయినోళ్లకు కూడా గుర్తొస్తాది. ఎవరన్నా మళ్లీ ఆ పేరుతో పిలిస్తే మీరు ఆపండి. అంతే.’

చూశారా, నా నమ్మకం నాకే హీరోగా కనిపించడానికి పనికొచ్చేది, తనకు కాదు. సరిచెయ్యడం ఎట్లా అన్నది నొచ్చుకున్న మనిషి చెప్పాలి. రెండు రోజుల్లో అవకాశం వచ్చింది. స్టాండప్‌లో ఒకతను ‘పుంగనూర్ అప్‌డేట్ ఏంటి?’ అన్నాడు. గుండె దడదడలాడింది, చిన్న విషయమే అయినా. ‘ఆ పేరు మొదలుపెట్టింది నేను. అది బాలేదు, ఆపేద్దాం’ అన్నాను. ఒక రెండు సెకన్లు నిశ్శబ్దం. తను తన అప్‌డేట్ చెప్పింది. ఇంకో రెండుసార్లు అలా ఆపాల్సి వచ్చింది. మూడోసారి ఒకడు నన్ను ‘ఓవర్ చేస్తున్నావ్’ అన్నాడు. అన్నాడు, అనిపించుకున్నాను.

ఈ టాపిక్‌లో ఒక విషయం సీరియస్‌గా చెప్పాలి. ఇక్కడ నేను మాట్లాడుతున్నది నోటి తీటతో చేసిన జోకుల గురించి. ఒకమ్మాయి హెచ్‌ఆర్‌కో, ఆఫీసు ఇంటర్నల్ కమిటీకో కంప్లయింట్ ఇచ్చి ఉంటే, సారీ చెప్తానని తన దగ్గరికి వెళ్లకండి. అది ఒత్తిడి పెట్టినట్టు అవుతుంది. ఏం చెప్పాలన్నా కమిటీకే చెప్పండి. 2013 పోష్ చట్టంలో లైంగిక వేధింపుల నిర్వచనం మొదలయ్యేదే ఇష్టం లేని ప్రవర్తన అనే మాటతో. నా ఉద్దేశం మంచిదే అన్నది అక్కడ పెద్దగా అడ్డుపడదు.

ఇంకొకటి, చాలామంది అడుగుతారు: ఎదుటివాళ్లే మరీ సెన్సిటివ్ అయితే? ఉండొచ్చు బ్రో. అయినా ఏం పోయింది? ఆ జోక్ వెయ్యకపోతే మన జీతం కట్ కాదు కదా. అది కోర్టు కాదు, ఎవరు కరెక్టో తేల్చడానికి. రేపు పొద్దున మళ్లీ అదే మనిషి పక్కన కూర్చుని అదే బగ్ ఫిక్స్ చెయ్యాలి.

అన్నీ మునుపటిలా అయిపోయాయా అంటే, లేదు. పని బాగానే సాగింది. రివ్యూలలో కామెంట్లకు మళ్లీ కామెంట్లు వచ్చేవి, ఒకసారి నా కోడ్‌లో ఎవరూ చూడని తప్పు తనే పట్టింది. కానీ నేను ఆ కంపెనీ వదిలే రోజు దాకా ‘అన్నా’ అనే పిలుపు మాత్రం తిరిగి రాలేదు. సారీ బాగా చెప్పాను కాబట్టి ఆ పిలుపు నాకు బాకీ అని నేననుకుంటే, మళ్లీ మొదటికి వచ్చినట్టే. కుప్పం వాడికి కూడా సారీ చెప్పాను. రెండేళ్ల బాకీ కాబట్టి కాస్త టైమ్ పట్టింది. వాడు విని, ‘సరే, టీ డబ్బులు నువ్వియ్యి’ అన్నాడు.

ఈ ఎపిసోడ్ చేసే ముందు ఇద్దరినీ అడిగాను, మీ గురించి చెప్పొచ్చా అని. కుప్పం వాడు ఊరి పేరు ఖచ్చితంగా చెప్పమన్నాడు. పుంగనూరు నుంచి రెండు రోజుల తర్వాత మెసేజ్ వచ్చింది. ‘ఊరు చెప్పు, పేరు వద్దు. ఆ రోజు నువ్వు నన్ను మాట పూర్తి చెయ్యనియ్యలేదు. ఆవు గురించి సరిగ్గా చెప్పు.’

కాబట్టి చెప్తున్నా. పుంగనూరు ఆవు ప్రపంచంలోని అతి పొట్టి పశువుల జాతుల్లో ఒకటి. ఎత్తు దాదాపు 70 నుంచి 90 సెంటీమీటర్లు, అంటే మూడడుగుల లోపే. మేత తక్కువ తింటుంది, కరువు నేలలో తట్టుకుంటుంది, మా వైపు నేలకు పుట్టిన జాతి. పాలు కొంచెమే ఇస్తుంది, కానీ అందులో కొవ్వు 8 శాతం దాకా ఉంటుందని చెప్తారు. సంకర జాతులు వచ్చాక ఇవి బాగా తగ్గిపోయాయి. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఈ జాతిని కాపాడుతూ వచ్చారు. వాళ్ల తాత ఇంట్లో ఉన్న ఆవు పాలు తోడేస్తే పెరుగు ముద్దలా గట్టిగా వచ్చేదట, గరిటె నిలబెడితే నిలబడేదట. ఆ రోజు తను చెప్పబోయింది అదీ.